క్లోమంలో గడ్డ: ఒక ల్యాబ్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అంది, మరో ల్యాబ్ ఎస్‌పీఎన్ అంది. ఏ రిపోర్టును నమ్మాలి?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. మీ చెల్లెలి వయసు 24. తిన్న తర్వాత కడుపు పైభాగం బరువుగా ఉంటోందని స్కానింగ్ తీయిస్తే క్లోమం తోక భాగంలో 6 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. సీటీ రిపోర్టులో ‘క్లోమ కణితి, క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంది’ అని రాశారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేస్తూ సూదితో తీసిన నమూనాను చూసి మొదటి ల్యాబ్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే కణితి, అంది. అవే స్లైడ్లను చూసిన రెండో ల్యాబ్ సాలిడ్ సూడోపాపిల్లరీ నియోప్లాజమ్, అంటే ఎస్‌పీఎన్, అంది. క్లోమ క్యాన్సర్ అనుమానంలో చేసే సీఏ 19-9 రక్తపరీక్ష మామూలుగానే ఉంది. ఏ రిపోర్టును నమ్మాలి, మళ్లీ సూది పెట్టించాలా, క్లోమ క్యాన్సర్ అంటే నెలల్లో లెక్క అని బంధువులు అంటున్న మాట నిజమేనా అన్నవి మీరు అడిగినవి.

జీర్ణకోశ, కాలేయ, క్లోమ కణితుల స్లైడ్లు చదవడమే నా వృత్తి. స్లైడ్లు చూడకుండా ఇది ఫలానా అని తేల్చి చెప్పడం తగదు. అయితే మీరు రాసిన వివరాలను బట్టి రెండో ల్యాబ్ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువగా కనిపిస్తోంది. దాన్ని ఖాయం చేయడానికి చాలావరకు కొత్త సూది అక్కర్లేదు, ఉన్న నమూనా మీదనే మరి రెండు మూడు స్టెయిన్లు, అంటే రంగు వేసి చూసే పరీక్షలు, చేయించాలి. అలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రెండింటి మధ్య తికమక మీ ఒక్కరికే ఎదురైనది కాదు.

బంధువుల మాట గురించి ముందు చెప్పాలి. క్లోమంలో పుట్టే క్యాన్సర్లలో పదింట తొమ్మిది వరకు నాళపు కణాల నుంచి పుట్టే డక్టల్ అడినోకార్సినోమాయే. అమెరికా లెక్కల్లో క్లోమ క్యాన్సర్ రోగులలో ఐదేళ్లు బతికేవారు సుమారు 13 శాతం అని మీ వాళ్లు గూగుల్‌లో చూసి ఉంటారు. ఆ అంకెను అంతగా కిందికి లాగేది ఈ రకమే. ఇది ఎక్కువగా 60, 70 ఏళ్ల వయసులో వస్తుంది. క్లోమం తల భాగంలో వస్తే పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెస్తుంది. సీటీలో చుట్టూ ఉన్న క్లోమం కంటే నల్లగా, అంచులు తెలియకుండా, పక్కనున్న రక్తనాళాలను చుట్టుకుంటూ కనిపిస్తుంది. దాని వెనుక భాగంలో క్లోమనాళం ఉబ్బి ఉంటుంది. మీ చెల్లెలి సీటీ వివరణలో ఇవేవీ లేవు: ‘స్పష్టమైన పొర, లోపల కొంత ఘన భాగం, కొంత ద్రవం, పాత రక్తస్రావపు జాడలు, నాళం మామూలు’ అని ఉంది. కాబట్టి ఆ 13 శాతం అంకెకూ మీ చెల్లెలికీ సంబంధం లేదు. ఒకే అవయవంలో పుట్టినంత మాత్రాన కణితులన్నీ ఒకే జబ్బు కావు. స్టీవ్ జాబ్స్‌కు 2003లో బయటపడింది కూడా క్లోమ కణితే. కానీ అది ఐలెట్ కణాల న్యూరోఎండోక్రైన్ రకం కావడం వల్లనే ఆయన 2011 వరకు జీవించగలిగారు. పత్రికలు మాత్రం చివరిదాకా క్లోమ క్యాన్సర్ అనే రాశాయి.

ఇక ఎస్‌పీఎన్ సంగతి. దీన్ని 1959లో అమెరికన్ పాథాలజిస్ట్ వర్జీనియా ఫ్రాంట్జ్ వర్ణించారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కొక్క పేరుతో పిలుస్తూ వచ్చిన ఈ కణితికి 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఒకే పేరు ఖాయం చేసింది. రోగుల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అందులోనూ ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి 6, 8, 10 సెంటీమీటర్లు అయ్యేవరకు కడుపు బరువు తప్ప మరో లక్షణం ఉండకపోవచ్చు. లోపలి కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అంటిపెట్టుకుని ఉండలేవు. రక్తనాళాలకు దూరంగా ఉన్నవి రాలిపోతాయి, దగ్గరగా ఉన్నవి మాత్రం ఆ నాళం చుట్టూ మిగిలిపోతాయి. సీటీలో కనిపించిన రక్తం, ద్రవం, గుల్లదనం అన్నీ అందువల్ల వచ్చినవే. దీన్ని తక్కువ తీవ్రత గల క్యాన్సర్‌గానే లెక్కిస్తారు. పూర్తిగా తీసివేయగలిగితే 95 శాతానికి పైగా రోగులు ఏళ్ల తరబడి హాయిగా ఉంటారు. పదిమందిలో ఒకరికి కాస్త అటూ ఇటుగా కాలేయానికో ఉదరపొరకో పాకుతుంది. అప్పుడు కూడా అది నెమ్మదిగానే నడుస్తుంది.

మరి మొదటి ల్యాబ్ న్యూరోఎండోక్రైన్ అని ఎందుకు అన్నట్టు? మైక్రోస్కోపు కింద ఈ రెండూ నిజంగానే అన్నదమ్ముల పోలికతో ఉంటాయి. రెండింటిలోనూ చిన్నవి, గుండ్రనివి, ఒకే తీరుగా ఉండే కణాలు, సూది నమూనాలో విడివిడిగా చెదిరి కనిపిస్తాయి. నిజమైన అడినోకార్సినోమాలో కణాలు వంకరటింకరగా, ఒకటి చిన్నది ఒకటి పెద్దది అన్నట్టు ఉంటాయి గనుక అది కాదని ఎవరైనా త్వరగానే చెప్పగలరు. కాదని చెప్పిన తర్వాత మిగిలిన మూడు నాలుగు కణితుల్లో ఇది ఏది అనే దగ్గర చిక్కు మొదలవుతుంది. అక్కడ చాలా ల్యాబుల్లో మొదట వేసే ఇమ్యూనో స్టెయిన్ (ఒక ప్రత్యేక ప్రోటీన్ కణంలో ఉందో లేదో రంగుతో చూపేది) సినాప్టోఫైసిన్. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్‌లో అది పాజిటివ్ వస్తుంది. ఎస్‌పీఎన్‌లో కూడా తరచుగా, కొన్ని కణాల్లోనైనా, పాజిటివ్ వస్తుంది. దానికి తోడుగా వేసే సీడీ 56 కూడా అంతే. రెండు పాజిటివ్‌లు చూసి ‘న్యూరోఎండోక్రైన్’ అని సంతకం పెట్టేయడం చాలా సులువు. మీరు పంపిన మొదటి రిపోర్టులో ఉన్న ఇమ్యూనో ఫలితాలు సరిగ్గా ఈ రెండే. క్రోమోగ్రానిన్ అనే మరో స్టెయిన్ వేసినట్టు లేదు. ఎస్‌పీఎన్‌లో క్రోమోగ్రానిన్ సాధారణంగా నెగటివ్. నా దృష్టిలో క్రోమోగ్రానిన్ లేని న్యూరోఎండోక్రైన్ రిపోర్టు, అందులోనూ యువతి విషయంలో, సగం రిపోర్టు మాత్రమే.

ఈ తగువు తీర్చే స్టెయిన్ బీటా కెటెనిన్. ఈ ప్రోటీన్ మామూలు కణాల్లో కణపొర దగ్గర నిలిచి, పక్క కణాన్ని పట్టుకునే ఏర్పాటులో భాగంగా పనిచేస్తుంది. మిగులు ఉంటే కణమే దాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తుంది. ఎస్‌పీఎన్‌లలో దాదాపు అన్నింటిలో సీటీఎన్‌ఎన్‌బీ 1 అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. దానివల్ల ఈ ప్రోటీన్ నాశనం కాకుండా పేరుకుపోయి కేంద్రకంలోకి చేరుతుంది. స్లైడు మీద ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది: న్యూరోఎండోక్రైన్ ట్యూమర్‌లో కణాల అంచుల వెంట గోధుమరంగు గీత, మధ్యలో నీలి కేంద్రకం, ఎస్‌పీఎన్‌లో కేంద్రకాలే గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. రిపోర్టులో ‘బీటా కెటెనిన్ పాజిటివ్’ అని మాత్రమే రాస్తే సరిపోదు. కేంద్రకంలో పాజిటివా, కణపొరలో పాజిటివా అన్నది రాయాలి. మీ రెండో రిపోర్టులో ఆ మాట లేదు, అందుకే ఆ ల్యాబ్‌ను అడగండి. దీనికి తోడు ఎల్‌ఈఎఫ్ 1 కేంద్రకంలో రావడం, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ రావడం, ఈ-కెడెరిన్ కణపొర మీద నుంచి మాయమవడం ఎస్‌పీఎన్‌కు బలం చేకూరుస్తాయి. ఐఎన్‌ఎస్‌ఎం 1 అనే కొత్త స్టెయిన్ గట్టిగా వస్తే తూకం న్యూరోఎండోక్రైన్ వైపు మొగ్గుతుంది.

స్టెయిన్ల కంటే ముందు మామూలు స్లైడే కొంత కథ చెబుతుంది. సన్నటి రక్తనాళం, దాని చుట్టూ గులాబీ రంగు జిగురు పదార్థం, ఆ జిగురును అంటుకుని రెండు మూడు వరుసల కణాలు, కేంద్రకాల్లో కాఫీ గింజ మీద ఉన్నట్టు నిలువు గాడి, అక్కడక్కడ గుండ్రటి మెరిసే బిందువులు, నురగలాంటి భక్షక కణాలు ఉంటే నేను స్టెయిన్ల ఫలితం రాకముందే ఎస్‌పీఎన్ వైపు ఆలోచిస్తాను. న్యూరోఎండోక్రైన్ కణాల కేంద్రకాల్లో మాత్రం గాడి బదులు ఉప్పు, మిరియాలు కలిపి చల్లినట్టు సన్నటి చుక్కలు ఉంటాయి.

ఈ రెండింటి గురించే మాట్లాడుతూ మూడోదాన్ని మరవకూడదు. జీర్ణరసపు ఎంజైములు తయారుచేసే కణాల నుంచి పుట్టే అసినార్ సెల్ కార్సినోమా అరుదైనదే, పెద్దల క్లోమ కణితుల్లో ఒకటి రెండు శాతం; కానీ మిగతా రెండింటికంటే దూకుడైనది. దీన్నీ తరచుగా న్యూరోఎండోక్రైన్ అనే పొరబడుతుంటారు. ఇందులో కేంద్రకం మధ్యలో న్యూక్లియోలస్ అనే చుక్క ప్రస్ఫుటంగా ఉంటుంది, కణద్రవ్యం గరుకుగా, రేణువులతో నిండి ఉంటుంది. ట్రిప్సిన్, బీసీఎల్ 10 స్టెయిన్లు పాజిటివ్ వస్తాయి. కొంతమంది రోగుల్లో ఈ కణితి లైపేజ్ అనే ఎంజైమును రక్తంలోకి విపరీతంగా వదిలి కాళ్ల మీద ఎర్రటి నొప్పి గడ్డలు, కీళ్లనొప్పులు, ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల పెరుగుదల తెస్తుంది. అలాంటివారు క్లోమం సంగతి తెలియక ముందే చర్మవ్యాధుల డాక్టరు చుట్టూనో కీళ్ల డాక్టరు చుట్టూనో తిరిగి ఉంటారు. మీ చెల్లెలి రిపోర్టుల్లో లైపేజ్ మామూలుగా ఉందని రాశారు కాబట్టి ఇది తక్కువ అవకాశమే. అయినా నమూనా మిగిలి ఉంటే ట్రిప్సిన్ కూడా అడగండి. బీటా కెటెనిన్ కొన్ని అసినార్ కణితుల్లోనూ, చిన్నపిల్లల్లో వచ్చే పాంక్రియాటోబ్లాస్టోమాలోనూ కేంద్రకంలో కనిపించగలదు. అందుకే ఒకే స్టెయిన్ మీద తీర్పు ఇవ్వకూడదు.

ఇంత తేడా కనిపెట్టడం వల్ల ఒరిగేదేమిటి, రెండింటికీ ఆపరేషనే కదా అని మీ సర్జన్ అన్నారని రాశారు. 6 సెంటీమీటర్ల గడ్డకు ఆపరేషన్ అవసరమన్న మాట వరకు ఆయన చెప్పింది నిజమే. అయితే న్యూరోఎండోక్రైన్ అని తేలితే ముందుగా ఈ రకం కణితులను వెలిగించి చూపే గాలియం డోటా పెట్ స్కాన్ తీయాలి, హార్మోన్లు చూడాలి, ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 స్టెయిన్ బట్టి గ్రేడు నిర్ణయించాలి: 3 శాతం కంటే తక్కువైతే మొదటి గ్రేడు, 3 నుంచి 20 వరకు రెండోది, 20 దాటితే మూడోది. చిన్న వయసులో వస్తే మెన్ 1 అనే వంశపారంపర్య సమస్య ఉందేమోనని ఇంట్లోవాళ్ల గురించీ ఆరా తీయాలి. పాకిన చోట ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు, లుటీషియం అనే రేడియోధార్మిక మందుతో చికిత్స వంటివి ఆలోచించాలి. ఎస్‌పీఎన్‌కు ఇవేవీ వర్తించవు. తప్పు పేరుతో మొదలైతే అక్కర్లేని ఇంజెక్షన్లు, అక్కర్లేని జన్యుపరీక్షలు, ఆపరేషన్ తర్వాత అక్కర్లేని భయం వెంట వస్తాయి. మరో మాట: సూదితో తీసిన చిన్న నమూనాలో కేఐ-67 అంకెను వేదవాక్కుగా తీసుకోకూడదు. కణితిలో ఒకచోట 2 శాతం, మరోచోట 8 శాతం ఉండవచ్చు, సూది ఏ చోట దిగిందో దాన్నిబట్టి అంకె వస్తుంది.

రక్తపరీక్షల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే భయాలు ఎక్కువగా వాటి చుట్టూనే ఉంటాయి. సీఏ 19-9 మామూలుగా ఉందంటే క్యాన్సర్ లేదని కాదు. జనాభాలో 5 నుంచి 10 శాతం మంది రక్తవర్గపు లక్షణం వల్ల ఆ పదార్థాన్ని అసలు తయారు చేయలేరు. అది ఎక్కువగా ఉందంటే క్యాన్సరే అనీ కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది, అడ్డు తీశాక తగ్గుతుంది. క్రోమోగ్రానిన్-ఏ అనే రక్తపరీక్ష చేయించారని రాశారు, అది కాస్త ఎక్కువ వచ్చిందట. మీ చెల్లెలు రెండు నెలలుగా పాంటోప్రజోల్ వాడుతోందని అదే చీటీలో ఉంది. మన ఇళ్లలో గ్యాస్ మాత్ర అని పొద్దున్నే వేసుకునే ఆ మందు ఒక్కటే చాలు క్రోమోగ్రానిన్‌ను పెంచడానికి. డాక్టరును అడిగి, కనీసం రెండు వారాలు ఆపి మళ్లీ చేయించకపోతే ఆ ఫలితానికి విలువ లేదు. నిజానికి మీ కేసులో ఆ పరీక్ష మళ్లీ చేయించాల్సిన అవసరం కూడా నాకు కనిపించడం లేదు.

పెట్ స్కాన్‌లూ అంతే. చక్కెరలాంటి పదార్థాన్ని ఎక్కించి తీసే మామూలు ఎఫ్‌డీజీ పెట్‌లో ఎస్‌పీఎన్ బాగా వెలుగుతుంది. వెలిగింది కాబట్టి ఉధృతమైన క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. డోటా పెట్‌లో క్లోమం తల కింది కొక్కెం భాగం ఆరోగ్యవంతుల్లోనూ వెలగవచ్చు. తోక భాగంలో పుట్టుకతోనే ఇరుక్కుపోయిన చిన్న ప్లీహపు ముక్క కూడా వెలుగుతుంది; అది సీటీలోనూ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్‌లాగే రక్తం బాగా పీల్చుకుంటూ కనిపించి, ఏ జబ్బూ లేని మనిషిని ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకువెళ్లగలదు. సీటీ అన్ని దశల్లోనూ ఆ ముక్క సరిగ్గా ప్లీహంతో సమానంగా మెరుస్తోందా అని రేడియాలజిస్ట్ చూస్తే చాలు. మీ చెల్లెలి గడ్డ పరిమాణానికి ఈ అనుమానం లేదు, ఇది చదివే ఇతరుల కోసం రాస్తున్నాను.

ఆ ఇతరుల కోసమే మరికొంత. పెద్దవాళ్లలో క్లోమం తలలో గడ్డ, కామెర్లు అనగానే అడినోకార్సినోమా అని నిర్ణయించేసి కీమోకు సిద్ధమయ్యే ముందు ముక్క పరీక్ష తప్పనిసరి. ఆపరేషన్‌తో నేరుగా తీసివేయగలిగి, స్కాన్ నిస్సందేహంగా ఉన్నప్పుడు బయాప్సీ లేకుండా వెళ్లడం తప్పు కాదు. కీమో మాత్రం కణం చూడకుండా ఇవ్వకూడదు. ఎందుకంటే గడ్డలా కనిపించేవాటిలో ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ (శరీర రోగనిరోధక శక్తే క్లోమం మీద దాడి చేయడం వల్ల వచ్చే వాపు) ఉంది, అది స్టెరాయిడ్లతో కరిగిపోతుంది. రక్తంలో ఐజీజీ 4 అనే యాంటీబాడీ మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాటితే దాని మీద అనుమానం బలపడుతుంది, కానీ నిజమైన క్యాన్సర్ రోగుల్లోనూ కొందరికి ఐజీజీ 4 కొంత పెరిగి ఉంటుంది గనుక ముందు క్యాన్సర్ కాదని నమూనాతో తేల్చుకున్నాకే స్టెరాయిడ్ మొదలుపెట్టి, రెండు వారాలకు మళ్లీ స్కాన్ తీసి చూడాలి. లింఫు కణాల క్యాన్సరైన లింఫోమా ఉంది, గడ్డ పెద్దదై ఉండి, క్లోమనాళం మాత్రం ఉబ్బకుండా, కిడ్నీ సిరల కింద కూడా లింఫు గ్రంథులు వాచి ఉంటే అది గుర్తు రావాలి. దానికి ఆపరేషన్ కాదు, మందులే చికిత్స. బయాప్సీకి ముందు స్టెరాయిడ్ పడితే లింఫోమా కణాలు మాయమై మాకు ఏమీ దొరకదు.

మన దేశంలో క్షయను మరవడం అసలు క్షమించరానిది. క్లోమం చుట్టూ ఉన్న లింఫు గ్రంథులకు క్షయ సోకితే, మధ్యలో కుళ్లిన భాగంతో, పిత్తనాళాన్ని నొక్కుతూ, బరువు తగ్గిస్తూ అది అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. సూది నమూనాలో గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాల చిన్న గుంపులు, దొరుకుతాయి, క్షయ క్రిమి మాత్రం చాలాసార్లు స్టెయిన్‌లో కనబడదు. క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్షకూ, కల్చర్‌కూ నమూనాలో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌లో వేసి పంపాలి. మొత్తం ముక్కను ఫార్మలిన్ డబ్బాలో ముంచేశాక ‘క్షయ ఉందేమో చూడండి’ అని అడిగితే మా చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. లింఫోమా అనుమానానికీ ఇదే వర్తిస్తుంది. కణాలను ఒక్కొక్కటిగా యంత్రంతో గుర్తించే ఫ్లో సైటోమెట్రీకి బతికున్న కణాలు కావాలి. ఎండోస్కోపీ గదిలోనే సైటాలజిస్ట్ ఉండి అప్పటికప్పుడు స్లైడు చూసే చోట ఈ పంపకం సరిగా జరుగుతుంది. ఆ సదుపాయం ఉన్న కేంద్రాన్ని ఎంచుకోవడం, ఖర్చు కొంత ఎక్కువైనా, మేలు.

మరొకటి కిడ్నీ క్యాన్సర్. పదేళ్ల క్రితం కిడ్నీ తీయించుకున్న మనిషికి ఇప్పుడు క్లోమంలో రక్తం బాగా పీల్చుకునే గడ్డ వస్తే అది న్యూరోఎండోక్రైన్‌లా కనిపిస్తూనే నిజానికి ఆ పాత కిడ్నీ క్యాన్సర్ పాకినది కావచ్చు. పాత ఆపరేషన్ అయిపోయిన కథ అనుకుని కుటుంబం చెప్పదు, డాక్టరు అడగరు, మాకు వచ్చే కాగితంలో ‘క్లోమం గడ్డ’ అని రెండు మాటలే ఉంటాయి. ఇక్కడ కొంచెం కటువుగా రాస్తున్నాను: వయసు, ఆడా మగా, గడ్డ ఎక్కడ, ఎంత, నాళం ఉబ్బిందా లేదా, పూర్వం ఏ క్యాన్సర్ ఉంది అన్నవి లేని రిక్విజిషన్ ఫారంతో పంపిన నమూనాకు మంచి రిపోర్టు ఆశించడం అన్యాయం. మీ చెల్లెలి మొదటి ఫారంలో వయసు గడి ఖాళీగా ఉన్నట్టు మీరు పంపిన ఫొటోలో కనబడుతోంది. 24 ఏళ్ల యువతి అని తెలిసి ఉంటే ఆ ల్యాబ్ బీటా కెటెనిన్ వేసి ఉండేదని నా నమ్మకం.

ఇప్పుడు చేయాల్సినది. మొదటి ల్యాబ్ నుంచి స్లైడ్లతో పాటు పారఫిన్ బ్లాకును, అంటే నమూనాను భద్రపరిచిన మైనపు దిమ్మెను, కూడా అడిగి తీసుకోండి; సాధారణంగా రసీదు మీద సంతకం తీసుకుని ఇస్తారు. కొత్త స్టెయిన్లు వేయాలంటే పాత స్లైడ్లు సరిపోవు, బ్లాకు కావాలి. క్లోమ కణితులు తరచుగా చూసే పాథాలజిస్ట్ దగ్గరకు పంపండి. ముంబైలోని టాటా మెమోరియల్ బయటి స్లైడ్లు, బ్లాకులు చూసి అభిప్రాయం ఇస్తుంది, హైదరాబాద్‌లోనూ జీర్ణకోశ పాథాలజీ విడిగా చూసే పెద్దాసుపత్రులు ఉన్నాయి. అడగాల్సిన స్టెయిన్లు: బీటా కెటెనిన్, క్రోమోగ్రానిన్, ట్రిప్సిన్, వీలైతే ఐఎన్‌ఎస్‌ఎం 1 లేదా ఎల్‌ఈఎఫ్ 1. బ్లాకులో కణితి అయిపోయిందని చెబితే, మళ్లీ సూదికి తొందరపడవద్దు. వయసు, సీటీ చిత్రం ఇంత స్పష్టంగా ఉండి, ఎలాగూ గడ్డ తీయాల్సినదే అయినప్పుడు చాలామంది సర్జన్లు నేరుగా ఆపరేషన్‌కు వెళతారు, అది సబబే. గడ్డ కాలేయానికి పాకిందని స్కాన్‌లో తేలితేనో, సీటీ చిత్రం గందరగోళంగా ఉందని రెండో రేడియాలజిస్ట్ అంటేనో రెండో సూది గురించి ఆలోచించాలి.

బ్లాకు తీసుకువెళ్లేటప్పుడు ప్లాస్టిక్ స్లైడు పెట్టెలో సర్ది, సీటీ సీడీ, రెండు రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ జతచేయండి. ఎండాకాలం అయితే బ్లాకును ఎండలో నిలిపిన కారులో వదలకండి, అది మైనమే గనుక మెత్తబడిపోతుంది. ఆపరేషన్ జరిగాక వచ్చే పూర్తి గడ్డ రిపోర్టులో కూడా ఇవే స్టెయిన్లు ఉండేలా సర్జన్‌కు ముందే చెప్పి ఉంచండి, తుది నిర్ధారణ దాని మీదనే ఆధారపడుతుంది. బీటా కెటెనిన్ ఫలితం రాగానే ఇక్కడే రాయండి, కేంద్రకమా కణపొరా అన్న మాటతో సహా.